బల్క్ లోడర్‌లో ముందు చూడాల్సింది

ప్రశ్న: 35 ఎం.ఎం. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ వంద అడుగుల చుట్ట కొని, క్యాసెట్లలో నేనే నింపుకుందామనుకుంటున్నాను. చుట్ట నుంచి క్యాసెట్లలోకి ఫిల్మ్ ఎక్కించే డబ్బాలు, అంటే బల్క్ లోడర్లు, పాతవి రెండు అమ్మకానికి దొరికాయి. ఒకదానికి ఎన్ని ఫ్రేములు ఎక్కాయో చూపే కౌంటర్ ఉంది, ఫిల్మ్ వెల్వెట్ పట్టీల మధ్య నుంచి వస్తుంది. రెండోది వాట్సన్ కంపెనీది, వెలుతురును ఆపే గేటు ఉన్న రకం. చూడటానికి ముసలిది. ఏది తీసుకోమంటారు?

జవాబు: వాట్సనే తీసుకోండి.

కౌంటర్ సుఖమే, కాదనను. కానీ లోడర్‌కు ప్రాణమంతా వెలుతురును ఆపే చోటే. వెల్వెట్ రకంలో వంద అడుగులూ ఆ పట్టీలను ఒరుసుకుంటూనే రావాలి. అందులో ఒక్క ఇసుక రేణువు చిక్కిందా, ఫిల్మ్ పొడవునా తిన్నగా గీత పడుతుంది. అదేం పగో, ఆకాశం ఉన్న ఫొటోలోనే అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది! క్యాసెట్ మూతికీ వెల్వెట్ ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది. కానీ అక్కడ దుమ్ము చేరితే పోయేది ఆ రోలే, ఆ క్యాసెట్‌ను పారేస్తే సరి. లోడర్‌లో చేరితే చుట్ట మొత్తానికీ ముప్పే.

వాట్సన్‌లో క్యాసెట్ గది మూసుకున్నాక గేటు తెరుచుకుంటుంది, ఫిల్మ్ దాన్ని రాసుకోకుండా వచ్చేస్తుంది. మతిమరుపు మనిషైతే మాత్రం జాగ్రత్త. గేటు మూయకుండా మూత తీస్తే లోపలి ఫిల్మ్‌కు వెలుతురు తగులుతుంది.

కొనేముందు గేటు సాఫీగా కదులుతోందో లేదో, మూత అంచులు చిట్లాయేమో చూడండి. లోడర్ పైన గీతలుంటే ఉండనివ్వండి.

చుట్టను లోడర్‌లో పెట్టేది మాత్రం కటిక చీకట్లోనే. డార్క్‌రూమ్ ఎర్రలైటు కూడా పనికిరాదు, మామూలు పాన్‌క్రొమాటిక్ ఫిల్మ్ ఎరుపునూ పట్టేస్తుంది. చీకటి గది లేకపోతే చేంజింగ్ బ్యాగ్ (చేతులు దూర్చి పనిచేసుకునే, వెలుతురు చొరని సంచి) చాలు. ఆ తర్వాత క్యాసెట్లు నింపడం పగటి వెలుతురులోనే.

లెక్క కష్టమేమీ కాదు. ఒక్కో ఫ్రేముకు ఫిల్మ్ అంచున ఎనిమిది రంధ్రాలు. వంద అడుగులకు 36 ఫ్రేముల రోల్స్ 18 దాకా వస్తాయి. ఇంకో నాలుగు ఫ్రేములు ఎక్కిద్దామన్న ఆశ వద్దు, డెవలప్ చేసే రీల్‌లో పట్టక అవస్థ పడతారు. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి, పొడి గాలిలో జోరుగా తిప్పితే స్టాటిక్ విద్యుత్తు మెరుపులతో ఫిల్మ్ మీద మచ్చలు పడతాయి.

ఇంకొకటి. ఫిల్మ్ కొసను స్పూల్‌కు (క్యాసెట్ లోపల ఫిల్మ్ చుట్టుకునే కడ్డీకి) టేపుతో అంటించేది వెలుతురులోనే కాబట్టి ఆ కాస్త ముక్క నల్లబడి తీరుతుంది. కెమెరాలో అదే చివరకు వస్తుంది. ముఖ్యమైన ఫొటోను 36వ ఫ్రేముకు అట్టిపెట్టుకోకండి.