రేడియేటర్ మార్చాక ఇంజిన్ ఇంకా వేడెక్కుతోందా? వెంటనే ఇంకో పార్టు కొనకు

తమ్ముడూ, రేడియేటరూ హోసులూ మార్పించాక వేడి తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగిందని రాశావు. ఇప్పుడు వాటర్ పంప్ కూడా మార్చాలంటున్నారని టెన్షన్ పడుతున్నావు. నా సలహా ముందే చెప్పేస్తాను: పంప్‌కి ఇప్పుడే సరేననకు. ఆ డబ్బు నీ దగ్గరే ఉండనీ. ఖర్చు లేకుండా చూసుకోగలిగినవి ముందు చూడు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ పరాయి దేశానికి వచ్చిన కొత్తలో నేనూ ఈ దారినే పోయాను. నా మొదటి కారు ఎవరో బాగా వాడి వదిలేసింది. రేడియేటర్ అడుగున కారుతుంటే కొత్తది వేయించాను. షెడ్డు నుంచి బయటికి వచ్చిన దగ్గర నుంచి డాష్‌బోర్డ్ మీద ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎప్పుడూ ఉండే చోటు దాటి పైకి ఎక్కేది, కాసేపటికి దిగేది, మళ్ళీ ఎక్కేది. తీసుకెళితే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) అన్నారు, మార్పించాను. కూలెంట్ అంటే ఇంజిన్‌ని చల్లబరచడానికి నీళ్ళలో కలిపి పోసే ద్రవం. తగ్గలేదు. ఆ తర్వాత పంప్ అన్నారు, అదీ మార్పించాను. అద్దెకీ ఇంటికి పంపడానికీ దాచుకున్నదంతా అటే పోయింది. జీతం వచ్చేదాకా ప్రతి రోజూ లెక్కలు వేసుకుంటూ గడిపాను.

మెకానిక్‌కి చెప్పాల్సిన ముఖ్యమైన మాట మాత్రం నేను చెప్పనేలేదు. రేడియేటర్ మార్చినప్పటి నుంచి కారులో హీటర్ పెడితే చల్లగాలి వస్తోంది. అది వేరే రిపేరు, చెబితే దానికీ బిల్లు వేస్తారని దాచాను. కొత్తవాళ్ళందరూ ఇలాగే చేస్తారు. ఎక్కువ మాట్లాడితే మన భాష సరిగా లేదనుకుంటారనో, ఖర్చు పెరుగుతుందనో నోరు మూసుకుంటారు. అసలు లోపం ఎక్కడుందో చెబుతున్నది ఆ హీటరే. నాతో పనిచేసే ఒక పెద్దాయన ఆ మాట వినగానే, “లోపల గాలి ఉండిపోయింది, పార్టులన్నీ బాగానే ఉన్నాయి” అన్నారు. అదే నిజమైంది.

కూలెంట్ మొత్తం తీసి మళ్ళీ నింపినప్పుడు గాలి బయటికి పోయే దారి లేకపోతే ఇంజిన్ పైభాగమైన హెడ్‌లోనో హీటర్ గొట్టాల్లోనో ఎత్తుగా ఉన్న చోట చిక్కుకుంటుంది. దీన్నే ఎయిర్ లాక్ అంటారు. డాష్‌బోర్డ్ వెనక ఉండే హీటర్‌లోకి వచ్చేది ఇంజిన్ నుంచి వేడెక్కిన కూలెంటే. మధ్యలో గాలి అడ్డుపడితే అది అక్కడిదాకా రాదు. అందుకే ఇంజిన్ మరుగుతున్నా నీకు చల్లగాలి వస్తుంది. వేడిని కొలిచే సెన్సర్ కాసేపు గాలిలో, కాసేపు కూలెంట్‌లో ఉంటే ముల్లు కూడా కిందకీ పైకీ ఊగుతుంది. స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డ్ వెనక గుడగుడ చప్పుడు వినిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

గాలి తీయడం ఇలా. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ పోసే చోట ఉన్న మూత తియ్యి. కారు ముందుభాగం కొంచెం ఎత్తులో ఉండేలా వాలు మీద నిలుపు, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వెయ్యి. హీటర్‌ని పూర్తి వేడికి పెట్టు. నీ కారుకి గాలి తీసే స్క్రూ ఉంటే మాన్యువల్‌లో ఎక్కడుందో చూసి, దాన్ని వదులు చేసి, బుడగలు లేకుండా కూలెంట్ కారేదాకా నింపి బిగించు. ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో నడవనీ. రేడియేటర్ పై హోస్ (పైన ఉండే రబ్బరు గొట్టం) వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకుందన్నమాట. బుడగలు వస్తూ లెవెల్ పడిపోతుంటే నింపుతూ ఉండు. బుడగలు ఆగి, హీటర్ నుంచి వేడిగాలి వస్తే మూత పెట్టెయ్. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు లెవెల్ మళ్ళీ చూసుకో. కొన్ని కార్లలో ఈ పద్ధతి పనిచేయదు, వాక్యూమ్ పెట్టి (లోపలి గాలిని యంత్రంతో పీల్చేసి) నింపాల్సిందే. అప్పుడు ఆ ఒక్క పనికే షెడ్డుకి వెళ్ళు.

వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత ముట్టుకోకు. లోపల సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. సగం కూలెంట్, సగం నీళ్ళు ఉన్న మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆ ఒత్తిడిలో దాదాపు 129 దాకా మరగదు. మూత తీసిన క్షణంలో అదంతా ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పాత మూత ఆ ఒత్తిడిని ఆపలేకపోయినా కూలెంట్ తొందరగా మరుగుతుంది. మార్చాల్సిన పార్టుల్లో అన్నిటికన్నా చవకైనది ఆ మూతే, దాన్నే చాలామంది పట్టించుకోరు.

ఇంతకీ నిజంగా వేడెక్కుతోందా అన్నది కూడా చూడాలి. రేడియేటర్‌తో పాటు థర్మోస్టాట్ కూడా మార్చారేమో అడుగు. పాత థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఉంటే ఇంజిన్ ఇన్నాళ్ళూ ఉండాల్సిన దానికన్నా చల్లగా నడిచి ఉంటుంది. కొత్తది వేశాక సరైన వేడికి వస్తే నీకది ఎక్కువగా కనిపిస్తుంది. ముల్లుని నమ్మకు. కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే చిన్న ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌లో అంకె చూడు. అమెరికాలో 1996 మోడల్ నుంచి, యూరప్‌లో 2001 నుంచి వచ్చిన పెట్రోల్ కార్లలో దానికి సాకెట్ ఉంటుంది. చాలా కార్లకి 90 నుంచి 105 డిగ్రీల దాకా మామూలే. నువ్వు పెట్టే ఖర్చుల్లో నేను సంతోషంగా ఒప్పుకునేది ఈ ఒక్కటే.

అంకె నిజంగా ఎక్కువైతే, ఎప్పుడు పెరుగుతోందో గమనించు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పెరిగి, వేగంగా పోతే తగ్గుతుంటే ఫ్యాన్ సంగతి చూడాలి. రేడియేటర్ తీసి పెట్టేటప్పుడు ఫ్యాన్ ప్లగ్ మళ్ళీ పెట్టడం మర్చిపోవడం, ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు బిగించకపోవడం జరుగుతూనే ఉంటాయి. ఏసీ వేసి చూడు, చాలా కార్లలో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ప్లగ్, ఫ్యూజ్, రిలే (ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే స్విచ్) చూడు. అలా కాకుండా హైవే మీదే పెరుగుతుంటే కూలెంట్ సరిగా పారడం లేదు. థర్మోస్టాట్ తిరగేసి బిగించారేమో అడుగు, స్ప్రింగ్ ఉన్న వైపు ఇంజిన్ వైపు ఉండాలి. కింది హోస్ నడుస్తుండగా లోపలికి నొక్కుకుపోతోందేమో చూడమను. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే పంప్ మాట.

కూలెంట్ గాఢంగా పోస్తే మంచిదనుకుని నీళ్ళు కలపకుండా పోసేవాళ్ళున్నారు. అది వేడిని సరిగా మోయలేదు. చలిదేశంలో అయితే ఇంకా నష్టం: సగం సగం కలిపితే సున్నాకి 37 డిగ్రీలు కిందిదాకా గడ్డకట్టదు, ఉత్తది అంతకు చాలా ముందే గట్టిపడుతుంది. లీకు ఆపే పొడులూ ద్రవాలూ అసలు పోయకు, సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి.

షెడ్డులో నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడుగు: “ఏ పరీక్ష చేసి ఈ పార్టు పోయిందని తేల్చారు?” ఆ ప్రశ్న నేర్చుకున్నాక, పరీక్ష చూపించకుండా ఏ పార్టుకీ నేను డబ్బు కట్టలేదు. ఇవాళ మా ఇంట్లో కార్లన్నీ అలాగే నడుస్తున్నాయి. చేసిన పనికి గ్యారంటీ సంగతి బిల్లు మీద ఉంటుంది, మీ దేశం నిబంధనలు నువ్వే చూసుకో.

పెద్ద ఖర్చు వచ్చేది హెడ్ గాస్కెట్ దగ్గర, అంటే ఇంజిన్ హెడ్‌కీ దాని కింది భాగానికీ మధ్య ఉండే సీలు దగ్గర. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా బిగుసుకుంటే, బయట లీకు లేకుండా కూలెంట్ తగ్గుతుంటే, గాలి తీసినా బుడగలు ఆగకపోతే దాన్నే అనుమానించాలి. నీలం ద్రవంతో చేసే చిన్న పరీక్ష ఉంది. ఇంజిన్‌లో కాలిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపు రంగుకి మారుతుంది. అది చేయించే దాకా ముల్లు ఎరుపులోకి వెళితే ఒక్క కిలోమీటరు కూడా నడపకు. ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్. లాక్కెళ్ళే బండి ఖర్చుకి వెనకాడి నడిపితే అల్యూమినియం హెడ్ వంకరపోతుంది, అప్పుడయ్యే ఖర్చు ఆ బండి ఖర్చుకి ఎన్నో రెట్లు. పరీక్షలో గాస్కెట్ పోయిందని తేలితే బాగుచేయడానికి ఎంతవుతుందో రాసి ఇమ్మను. ఆ మొత్తం కారు విలువకి దగ్గరగా ఉంటే క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి బాగుచేయించకు, ఉన్న లోపం ఉన్నట్టు చెప్పి వచ్చినంతకి అమ్మెయ్.