2 హెచ్‌పీ కంప్రెసర్‌తో బ్లాస్టింగ్ క్యాబినెట్ నడుస్తుందా?

తిరుపతిలో ఇంట్లో పెట్టుకున్న చిన్న బ్లాస్టింగ్ క్యాబినెట్‌కి (గాలి ఒత్తిడితో గ్రిట్ అనే గరుకు రేణువులు కొట్టి తుప్పు వదిలించే మూసిన పెట్టె) 2 హెచ్‌పీ కంప్రెసర్ చాలుతుందా అని ఒకరు అడిగారు. ట్యాంకు ఎంత పెద్దదని కాదు, నిమిషానికి ఎంత గాలి ఇస్తుందన్నదే లెక్క. గన్‌లో గాలి జెట్ రంధ్రం 3 మి.మీ. ఉంటే 80 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర సుమారు 17 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) తాగేస్తుంది. మీ కంప్రెసర్ ఇచ్చేది 6, 7. కాసేపటికే గేజి ముల్లు జారిపోతుంది, గ్రిట్ తుప్పు మీద ఊరికే చల్లినట్టు పడుతుంది. 2 మి.మీ. జెట్ వేస్తే 7, 8తో నడుస్తుంది, మధ్యమధ్యలో ఆగుతూ కొట్టాలి. కంప్రెసర్ ప్లేటు మీద రాసేది చాలాసార్లు పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే పిస్టన్ లాగే గాలి లెక్క, బయటికి ఇచ్చేది కాదు. అందులో మూడో వంతు తీసేసి చూసుకోండి. నవంబరు వానల్లో ట్యాంకులో చేరిన నీళ్లు రోజూ వదలండి, లేకపోతే గ్రిట్ ముద్దకట్టి గన్ పూడుకుపోతుంది. ఊరికే దొరుకుతుంది కదా అని స్వర్ణముఖి ఇసుక మాత్రం పోయకండి, ఆ దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. గార్నెట్ అనే ఖనిజపు గ్రిట్ కొనండి.