పొలం బేరం ఓ నెల ఆపండి

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. మూడు నెలల క్రితం నాన్నకు పక్షవాతం వచ్చింది. రాత్రిళ్లు ఆయన దగ్గర నేనే ఉంటున్నా, నిద్ర నాలుగు గంటలే. ఆసుపత్రి పనులు చకచకా చేసేస్తున్నా కానీ, ఆఫీసులో చిన్న రిపోర్టు రాయాలన్నా బుర్ర పనిచేయడం లేదు. ఉద్యోగం మానేసి, ఊళ్లో ఎకరం పొలం అమ్మేద్దామనుకుంటున్నా. తెలిసినాయన వెంటనే బయానా ఇస్తానంటున్నాడు. మా ఆవిడ వద్దంటోంది. రోజూ గొడవే. నాకు మతి తప్పుతోందా?

జవాబు: లేదండీ. ఆసుపత్రి పనులు చేయగలుగుతూ రిపోర్టు దగ్గర ఆగిపోతున్నానన్నారు చూడండి, విషయమంతా అందులోనే ఉంది. కొద్దిపాటి టెన్షన్ మనిషిని చురుగ్గా ఉంచుతుంది. మితిమీరితే తేలిక పనులు ఎలాగోలా సాగుతాయి, ఆలోచించి చేయాల్సినవే ముందు దెబ్బతింటాయి. 1908లోనే యెర్కీస్, డాడ్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు చిట్టెలుకల మీద ప్రయోగాల్లో ఇలాంటి తేడానే గమనించారు. నాలుగు విషయాలు ఒకేసారి మనసులో పెట్టుకుని లాభనష్టాలు తూచేది నుదుటి వెనకున్న మెదడు భాగం. ఒత్తిడి హార్మోన్లు ఎక్కువైతే అది నీరసిస్తుంది. నిద్ర కూడా లేకపోతే ఇక చెప్పక్కర్లేదు.

అలాంటప్పుడు ‘ఏది మంచిది’ అనే ఆలోచన వెనక్కిపోయి, ‘ఏం చేస్తే ఈ బాధ ఇవాళే తీరుతుంది’ అన్నదే ముందుకొస్తుంది. పొలం, ఉద్యోగం రెండూ ఒకేసారి వదిలించుకోవాలనిపించడం నాకు అలాగే కనిపిస్తోంది. ఫలానా బిల్లు కట్టాలి, అందుకు అమ్ముతున్నా అని మీరెక్కడా రాయలేదు. పైగా ఉద్యోగం మానేస్తే జీతంతో పాటు కంపెనీ ఆరోగ్య బీమా కూడా పోవచ్చు. అందులో నాన్నగారి పేరు ఉందేమో చూశారా?

ఓ నెల వరకు బయానా ముట్టుకోకండి. మీ అవసరం తెలిసి వచ్చినవాడు ఇవాళే తేల్చమంటాడు, ధరా తగ్గించే అడుగుతాడు. రాజీనామా బదులు సెలవు అడగండి. ఫిజియోథెరపీ, మందులు, ఈఎంఐ లాంటివి మాత్రం ఆపొద్దు.

అన్నిటికంటే ముందు నిద్ర. వారంలో కనీసం మూడు రాత్రులు తమ్ముడో, చెల్లెలో, జీతానికి పెట్టుకున్న మనిషో నాన్నగారి దగ్గర ఉండాలి. కొడుకుని కదా, నేనే చూసుకోవాలన్న పట్టింపు ఇక్కడ పనికిరాదు. మీ ఆవిడతో లెక్కలు రాత్రి పదకొండింటికి మాట్లాడకండి. ఆదివారం పొద్దున్నే కాగితం పెట్టుకుని కూర్చోండి. ఆవిడ ఎందుకు వద్దంటున్నారో మధ్యలో అడ్డుపడకుండా వినండి.

వీలు చిక్కినా నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.