చెరువు గట్టున లేజర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 1653.7 నానోమీటర్ల లేజర్ డయోడ్‌తో కావలి దగ్గర రొయ్యల చెరువు గట్టున మీథేన్ కొలుస్తున్నాం. కిరణం దారి 1 మీటరు. లెన్స్‌కూ గాలి నింపే గొట్టం కిటికీ అద్దానికీ మధ్య 5 సెం.మీ. అల్యూమినియం పట్టీ. ఎండ ఎక్కేకొద్దీ రీడింగు సున్నాకు పడి, 9 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 9) లేచి, మళ్లీ పడుతోంది. మధ్యాహ్నానికి కుదుటపడుతోంది. ఇది చెరువు నుంచి వచ్చే వాయువేనా?
– ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థులు, నెల్లూరు

జవాబు: కాదు, ఇది అద్దాల మధ్య పుట్టే వ్యతికరణం. పూత లేని గాజు ముఖం ఒక్కొక్కటి 4 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది. ఆ కాంతి ఎదుటి ముఖానికి తగిలి మళ్లీ ముందుకొచ్చి అసలు కిరణంతో కలిస్తే, తరంగదైర్ఘ్యం మారేకొద్దీ కాంతి హెచ్చుతూ తగ్గుతూ చారలు ఏర్పడతాయి. మామూలు గాలిలో మీథేన్ సుమారు 2 పీపీఎం. మీటరు దారిలో అది పీల్చుకునే కాంతి లక్షలో 8 వంతులే. ఆ పాటి గుర్తును ముంచేయడానికి పిసరంత తిరుగుకాంతి చాలు.

5 సెం.మీ. ఖాళీలో చారల ఎడం 0.027 నానోమీటర్లు. మీథేన్ రేఖ (మీథేన్ కాంతిని పీల్చుకునే సన్నని తరంగదైర్ఘ్యాల మేర) వెడల్పూ ఇంచుమించు అంతే కనుక పరికరం రెంటినీ వేరుచేయలేదు. ఇక ఊగడం సంగతి. ఖాళీ 0.83 మైక్రాన్లు పెరిగితే ఒక చార పూర్తిగా జరిగిపోతుంది. మీ పట్టీ ఒక్క డిగ్రీ వేడెక్కితేనే 1.15 మైక్రాన్లు సాగుతుంది! మధ్యాహ్నం ఉష్ణోగ్రత నిలబడగానే రీడింగూ నిలబడుతుంది.

దీన్ని నిర్ధారించుకోవడానికి గొట్టంలోకి పది నిమిషాలు మీథేన్ లేని శుద్ధ నైట్రోజన్ వదలండి. అప్పటికీ అల మిగిలితే అది చారే. లెన్స్ పట్టీని వేలితో మెల్లగా నొక్కినా తెలుస్తుంది: చార కదులుతుంది, మీథేన్ రేఖ కదలదు. పొద్దున ఒకసారి మీథేన్ లేకుండా రీడింగు తీసి రోజంతా దాన్నే తీసివేయడం చాలామంది చేసే పొరపాటు. చార కదిలిపోయాక ఆ తీసివేత కొత్త తప్పును చేరుస్తుంది.

ముందుగా సమాంతర ముఖాల అద్దం తీసేసి, ఒక అంచు పలచగా ఉండే వాలు అద్దం పెట్టి, దాన్ని కాస్త ఒరిగించండి. కాంతిని తీసుకెళ్లే ఫైబర్ వాడుతుంటే 8 డిగ్రీల వాలు కనెక్టరే వేయండి. ఖాళీని 3 మి.మీ.కు తగ్గిస్తే చార 0.45 నానోమీటర్లకు విస్తరించి, రేఖ కింద సాదా వాలులా కనిపిస్తుంది. దాన్ని తీసేయడం తేలిక. దారి పెంచడం ఆ తర్వాతి పని. కాంతిని తిప్పికొట్టే రెండు అద్దాల మధ్య కిరణాన్ని అటూ ఇటూ తిప్పి 30 మీటర్లు చేస్తే గుర్తు 30 రెట్లవుతుంది. కానీ సముద్రపు గాలి తేమకు అద్దాలు చెమరుస్తాయి, వాటిని బయటి గాలికన్నా రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంచండి.

ప్రశ్న: 1512 నానోమీటర్ల లేజర్‌తో అమ్మోనియా చూస్తున్నాం. వాసన పోయిన అరగంటకు కూడా రీడింగు దిగడం లేదు.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అమ్మోనియా గొట్టం గోడలకు, అందులోనూ తడి గోడలకు, అంటుకుని నెమ్మదిగా వదులుతుంది. స్టీలు, రబ్బరు గొట్టాలు మాని టెఫ్లాన్ గొట్టం వేయండి, వీలైనంత పొట్టిగా. దాన్ని 45 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచి, పంపు వేగం పెంచండి. దుమ్ము పట్టిన ఫిల్టరు కూడా వాయువును పట్టేస్తుంది, దాన్ని తరచూ మార్చండి.