డెంగీ వచ్చిన చిన్నీకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

డెంగీ అని తేలిందని మీ అమ్మ ఫోన్ చేసింది. ఒళ్లు కాలిపోతున్నా నీ దిగులంతా మిడ్స్ పరీక్షల గురించేనట! నర్సుగా చేసిన రోజుల్లో ఇలాంటి కాలేజీ పిల్లల్ని చాలామందినే చూశాను. ఒక చేతికి సెలైన్, ఇంకో చేతిలో ఫోన్.

ముందు అటెండెన్స్ సంగతి తేల్చెయ్. మీ జేఎన్‌టీయూలో 75 శాతం ఉండాలి. జబ్బు చేసి 65 దాకా తగ్గినా, మెడికల్ సర్టిఫికెట్ పెట్టి మినహాయింపు అడగొచ్చు. ఈరోజే ఎవరైనా ఫ్రెండ్ చేత హెచ్‌వోడీకి లెటర్ పంపించు. ఆ పని అలాగే ఉంచుకుని ధ్యానమని కళ్లు మూసుకుంటే మనసు ఎక్కడ కుదురుతుంది?

మైండ్‌ఫుల్‌నెస్, అదే ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించే ధ్యానం, అంటే మీకు ఫోన్‌లో యాప్ కావచ్చు. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ వైద్య కళాశాలలో మొదలుపెట్టింది మాత్రం నొప్పులతో బాధపడే రోగుల కోసం. అందుకని పద్మాసనాలేమీ వెయ్యక్కర్లేదు, పడుకునే చెయ్యి. పాదాల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి రా. ఎక్కడ నొప్పిగా ఉంది, ఎక్కడ వేడిగా ఉంది, ఎక్కడ హాయిగా ఉంది, అంతే చూడు. తగ్గాలని పట్టుబట్టకు. మధ్యలో తప్పితే మళ్లీ రాయాల్సిన సప్లీ పరీక్ష గుర్తొస్తే రానీ, మళ్లీ మోకాళ్ల దగ్గరికి వచ్చెయ్. ఐదు నిమిషాలు చాలు. నిద్ర పట్టేస్తే మరీ మంచిది. ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలు మాత్రం ఇప్పుడొద్దు.

ఒంటిని ఇలా గమనించుకోవడం డెంగీలో ఇంకోలా కూడా పనికొస్తుంది. జ్వరం దిగాక 24 నుంచి 48 గంటలే అసలు జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. పిల్లలేమో అప్పుడే హమ్మయ్య అనుకుని క్లాసుకి పరిగెడతారు. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ఇందులో ఏది కనిపించినా టెన్షన్ వల్లేమోలే అని సరిపెట్టుకోకు. ధ్యానం పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లు. జ్వరానికి డాక్టర్ చెప్పినంత పారాసిటమాలే. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోకు. ప్లేట్‌లెట్లు పడిపోవడం ఈ జబ్బులో మామూలే. ఎవరికెంత పడ్డాయో వాట్సాప్‌లో వెతుకుతూ కూర్చోకు, నీ రిపోర్టు డాక్టర్ చూసుకుంటారు.

తగ్గాక కూడా కొన్ని వారాలు నీరసం ఉండొచ్చు. చదివింది బుర్రకెక్కకపోతే బద్ధకమని నిన్ను నువ్వు తిట్టుకోకు. మరీ దిగులుగా ఉండి రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్. ప్రభుత్వానిదే, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అమ్మకి చెప్పుకోలేనివి నాకైనా చెప్పు, ఏ వేళైనా పర్లేదు.

మీ పెద్దమ్మ