కార్గిల్ యుద్ధంలో మన తెలంగాణకు మహావీర్ చక్ర వచ్చిందా?

వచ్చింది. మేజర్ పద్మపాణి ఆచార్య. వాళ్ల మూలాలు ఒడిశావి, కానీ ఆయన పుట్టింది 1969లో హైదరాబాద్‌లోనే, కాబట్టి మనవాడే అంటాను.

2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండర్. 1999 జూన్ 28న తోలోలింగ్ ప్రాంతంలో శత్రువు బంకర్లు, మందుపాతరలు, మెషిన్ గన్లు ఉన్న ఒక స్థావరాన్ని పట్టుకోవాలి. ముందు వెళ్లిన ప్లాటూన్ బాగా దెబ్బతింటే, రిజర్వ్ ప్లాటూన్‌ను తనే తీసుకుని తూటాల మధ్యలోంచి పైకెళ్లి, బంకర్ దాకా పాక్కుంటూ వెళ్లి గ్రెనేడ్లు విసిరాడు. తీవ్రంగా గాయపడి కదల్లేని స్థితిలో కూడా నన్ను వదిలేసి ముందుకు పొండని జవాన్లను పంపి, తను పడి ఉన్నచోటి నుంచే కాల్పులు జరుపుతూ ఉన్నాడు. స్థావరం మన చేతికొచ్చింది, ఆయన దక్కలేదు. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు, అది పరమవీర చక్ర తర్వాతి స్థాయి పతకం.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆయన ఇంటికి రాసిన చివరి ఉత్తరం. భార్య అప్పుడు గర్భవతి. ఆమెకు రోజుకో మహాభారత కథ చెప్పమని, అలాగైతే పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు వస్తాయని తండ్రికి రాశాడు.

హన్మకొండలో ఆర్మీ సెలక్షన్ల కోసం తెల్లారకముందే పరుగెత్తే పిల్లలకు ఈ పేరు తప్పకుండా చెప్పండి.