అద్దె గొడుగు తీసుకోవడం తేలికే, వెనక్కి వస్తుందా?

రోజూ ట్రైన్‌లో, బస్సులో ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు గొడుగులు అద్దెకిస్తే చెత్త నిజంగా తగ్గుతుందా అని అడిగారు. తగ్గుతుంది, కానీ గొడుగు తిరిగి వస్తేనే. మా ఆఫీసులో రెండేళ్ళు చిన్న ఎత్తున నడిపి చూశాను కాబట్టి ఇంత ధైర్యంగా చెప్తున్నా.

మొదలుపెట్టింది నా సిగ్గుతోనే. ఒక్క వానాకాలంలో నాలుగు గొడుగులు కొన్నాను. రెండు ట్రైన్‌లో మర్చిపోయా, ఒకటి గాలికి తిరగబడి ఊచ విరిగింది, నాలుగోది ఎందుకు కొన్నానంటే ఇంట్లో గొడుగు ఉన్నా అది ఇంట్లోనే ఉంది కాబట్టి! విరిగినదాన్ని విప్పి చూస్తే బట్ట పాలిస్టర్, ఊచలు ఇనుము, పిడి ప్లాస్టిక్. అన్నీ కుట్టి, బిగించి ఉంటాయి, విడదీసే శ్రమ ఎవరికీ గిట్టదు, చివరికి చెత్తబుట్టలోకే.

సరే అని రిసెప్షన్ దగ్గర ఇరవై గొడుగులు పెట్టాం. రిజిస్టర్ లేదు, డబ్బులు లేవు, నమ్మకం మీదే. మొదటి పెద్ద వాన సాయంత్రం పడింది, ఇరవై వెళ్ళిపోయాయి. మర్నాడు ఎండ. ఎండలో గొడుగు మోసుకొచ్చేదెవరు చెప్పండి? వారం తర్వాత లెక్కపెడితే ఏడు ఉన్నాయి. ఇందులో దొంగలెవరూ లేరు, మా ఇంట్లోనే రెండు దొరికాయి. సాయంత్రం వాన పడితే గొడుగులన్నీ ఆఫీసు నుంచి ఇళ్ళవైపే పోతాయి, తిరిగి వచ్చే వాన ఉదయం పడదు. నాకు ఈ సంగతి అప్పటిదాకా తట్టలేదు.

పెద్ద కంపెనీలకూ ఇదే దెబ్బ తగిలింది. 2017లో చైనాలోని షెన్‌జెన్‌లో మొదలైన, గొడుగులు అద్దెకిచ్చే ఒక కంపెనీ మొదటి కొన్ని నెలల్లోనే దాదాపు 3 లక్షల గొడుగుల్లో చాలావరకు పోగొట్టుకుంది. అద్దె సైకిలైతే రోడ్డు పక్కన స్టాండ్ వేసి వెళ్ళిపోవచ్చు, గొడుగుని ఎక్కడ నిలబెడతాం, అందుకే అది ఇంటికొచ్చేస్తుంది. 2018 డిసెంబరులో టోక్యోలో మొదలైన ఐకాసా అనే అద్దె గొడుగుల సర్వీసు పద్ధతి నాకు ఇంకా నయం అనిపించింది. స్టేషన్ల దగ్గర, షాపుల దగ్గర స్టాండ్లు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే గొడుగు, మొదట్లో 24 గంటలకు 70 యెన్లు. తిరిగి ఇవ్వకపోతే అద్దె పెరుగుతూ పోతుంది, కాబట్టి జ్ఞాపకం దానంతటదే వస్తుంది.

మేమూ మార్చాం. ప్రతి గొడుగుకీ పెయింటుతో నంబరు, పేరు రాసుకోవడం, రాత్రి తొమ్మిదికి ఒక మెసేజ్, మూడో రోజు నుంచి చిన్న జరిమానా. వీటన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది మాత్రం స్టేషన్ గేటు దగ్గర ఒక షాపువాళ్ళని బతిమాలి పెట్టించిన బకెట్. అక్కడ ట్రైన్ ఎక్కే ముందు అందులో వేసేస్తే చాలు, ఉదయం ట్రైన్ దిగి ఆఫీసుకు నడిచేవాళ్ళు ఎవరో ఒకరు తెచ్చేస్తారు. ఆ తర్వాత నెలకి ఒకటో రెండో పోయేవి, అంతే.

కొనేటప్పుడు చవకవి కొనొద్దు, ఫైబర్‌గ్లాస్ ఊచలవి తీసుకోండి, గాలికి వంగినా మళ్ళీ నిటారుగా వస్తాయి. తడిసినవి మూసి పెడితే కంపు కొడతాయి, ఇనుప భాగాలు తుప్పుపడతాయి, కాబట్టి ఆరబెట్టే మనిషి ఒకరు ఉండాలి (మా దగ్గర అది నేనే, ఇంట్లో కూడా అంత పని చెయ్యను). ఊచ కొస నుంచి బట్ట ఊడితే సూదీ దారం చాలు.

ఇంకో మాట, నచ్చకపోవచ్చు. అద్దె గొడుగులు వచ్చాక కూడా జనం ఎప్పటిలా కొంటూనే ఉంటే మీరు చెత్తను తగ్గించినట్టు కాదు, ఇంకో కుప్ప తయారుచేసినట్టు. మా దగ్గర కొనడం మానేసింది నాలాంటి మర్చిపోయే బాపతే. జాగ్రత్తపరులకు సొంత గొడుగు పదేళ్ళు వస్తుంది, వాళ్ళ జోలికి వెళ్ళకండి. ముందు పది గొడుగులతో, దారికి రెండు వైపులా స్టాండ్ పెట్టి ఒక వానాకాలం నడపండి. మొదటి రోజే వంద ఆర్డర్ ఇవ్వకండి, మా ఏడో నంబరు గొడుగు తిరిగి ఆఫీసుకు చేరడానికి పదకొండు నెలలు పట్టింది.